గాజులక్క పెట్టెలో పాలగుండ

ఫిబ్రవరి పదకొండో తేదీ, మంగళవారం, ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకు ఇది మొదలైంది. సంవత్సరం రాయను. రాస్తే మీలో ఎవరో ఒకరు కూర్చుని గాజులక్క వయసు లెక్క కట్టేస్తారు, అది ఆమెకు ఇష్టం ఉండదు. అప్పటి నా వయసు మాత్రం చెప్పేస్తాను: అరవై ఒకటి. ‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టేవాళ్లంతా పలకా బలపం దాకానో, పరికిణీ దాకానో వెనక్కి వెళ్తారు. నేను అంత దూరం వెళ్లను. నా చిన్నతనం నిజంగా మొదలైంది లెక్కల టీచరుగా రిటైరైన తరవాతే. ముప్పై ఆరేళ్లు పిల్లల చేత తప్పులు దిద్దించీ దిద్దించీ, నేను చేయకుండా దాచుకున్న తప్పులన్నీ చేసే తీరిక అప్పుడు దొరికింది. (కుర్రతనానికి కావలసింది వయసు కాదు, తీరిక. అడిగేవాళ్లు లేకపోతే ఇంకా మంచిది. మా ఆయన అడిగేవారు గాని, నేను వినేదాన్ని కాదు.) ఆ రోజుల్లో చేసిన పనులు చాలావాటికి ఇప్పుడు నవ్వొస్తుంది. దీనికి మాత్రం నవ్వు సగం దాకా వచ్చి ఆగిపోతుంది.

మేము ఉండేది జగదల్‌పూర్ అవతల, గీదంలో. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి కిరండూల్ రైలు లైను పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా ఆయన ఆ లైను మీదే ఇనుప రాయి గూడ్సులు నడిపి రిటైరయ్యారు. ఆ మంగళవారం మా మేనల్లుడు జగదల్‌పూర్ నుంచి మోటార్‌సైకిల్ మీద వచ్చి, దళసరి కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. కోటు మోచేతి దగ్గర నుంచి నారింజ రంగు ముక్క ఒకటి జారి కింద పడింది. తీసి నొక్కితే చపాతీ పిండిలా మెత్తగా ఉంది. “ఇప్పుడు రోకలితో కొట్టు అత్తా” అన్నాడు. కొట్టాను. పిండి అయితే రోకలి దిగబడాలి. రోకలి ఎగిరి నా భుజం దాకా వచ్చింది. “మామూలుగా చెయ్యి ముడుచుకున్నప్పుడు మెత్తగా ఉంటుంది. బండి మీద నుంచి పడితే, దెబ్బ తగిలిన ఆ క్షణంలో గట్టిపడి ఎముకను కాస్తుంది. తుపాకీ గుండు ఆపే చొక్కాలకు కూడా ఇదే గుణం ఉన్న ద్రవం పట్టించి చూస్తున్నారట” అన్నాడు.

“ఓస్, ఇది మన పాలగుండే కదరా!” అన్నాను.

“ఇది పిండి కాదత్తా, వేరే పదార్థం.”

“పదార్థం వేరైతే ఏటి, గుణం ఒకటే” అన్నాను. ఆ మాట వరకు నాది తప్పు కాదు. పాలగుండ తెలియనివాళ్లకు చెప్తాను. ఇక్కడి అడవుల్లో పసుపు మొక్కలాంటిది ఒకటుంది. దాని దుంపలు తవ్వి, రుబ్బి, నీళ్లలో కడిగి తేరబెడితే అడుగున తెల్లటి పిండి దిగుతుంది. ఇక్కడివాళ్లు దాన్ని తీఖుర్ అంటారు, మనవాళ్లు పాలగుండ అంటారు. ఎండాకాలం జావ కాచుకుంటే కడుపు చల్లబడుతుంది. మా చిన్నప్పుడు అమ్మ తేరబెట్టిన బేసిన్‌లో నేను వేలు పెడితే వేలు వెన్నలో దిగినట్టు దిగేది. పిడికిలితో గుద్దితే నేల మీద గుద్దినట్టు ఉండేది. ఎందుకో అప్పుడు తెలీదు. తరవాత గీదం సంతలో తెలిసింది. సంత మంచి జోరు మీద ఉన్నప్పుడు ఆ జనంలోంచి మెల్లగా నడవండి, తలొకరూ భుజం తిప్పి దారి ఇస్తారు. పరిగెత్తి చూడండి, పదడుగుల్లో ఒకరి మీద ఒకరు పడి గోడ కట్టేస్తారు. నీళ్లలో పాలగుండ రవ్వలూ అంతే.

మేనల్లుడు భోంచేసి వెళ్లగానే అటక మీద నుంచి పాలగుండ డబ్బా దించాను. అయిదు కిలోలు. మా ఆయన కడుపులో పుండు ఉంది, ఆ ఎండాకాలమంతా ఆయన తాగవలసిన జావ అది. బేసిన్‌లో కాస్త పోసి నీళ్లు కలుపుతుంటే ఆయన వచ్చి నిలబడ్డారు.

“ఏటిది టీచరుగారూ, ఫిబ్రవరిలోనే జావా?”

“గుద్దండి” అన్నాను.

గుద్దారు. చెయ్యి వెనక్కొచ్చింది. ఆయనకు సరదా వేసి ఇంకోటి గుద్దారు, ఇంకోటి గుద్దారు. తరవాత ఆ చెయ్యి బేసిన్‌లోనే ఆనించి, బ్రేకు వేసినప్పుడు గూడ్సు పెట్టెలు ఒకదాన్నొకటి ఎలా గుద్దుకుంటాయో నాకు చెప్పడం మొదలుపెట్టారు. చెప్తూ ఉండగానే చెయ్యి మెల్లగా మణికట్టు దాటి దిగిపోయింది. ఇంతలో ఫోను మోగింది. చటుక్కున లాగారు. చెయ్యి రాలేదు, బేసిన్ వచ్చింది. విదిలించారు. బేసిన్ ఇంకా గట్టిగా పట్టుకుంది.

“ఒలే, ఇది వదల్దేటి!”

“నిదానంగా తియ్యండి, నిదానంగా!”

“ముప్పయ్యేళ్లు నిదానంగానే నడిపాను, పిండితో నాకు నిదానం చెప్తావేటి!” అని వసారా అంతా బేసిన్‌తో నడిచారు. ఆఖరికి అలిసిపోయి ఊరుకుంటే, చెయ్యి తనంత తానే బయటికొచ్చింది. చేతి గడియారంలోకి పిండి దిగి, పది గంటల యాభై రెండు నిమిషాల దగ్గర ఆగిపోయింది. (ఇప్పటికీ అక్కడే ఉంది. రోజుకు రెండుసార్లు సరైన సమయం చూపిస్తుందని ఆయన దాన్ని పారేయనివ్వరు.)

ఇక్కడితో ఆగి ఉంటే ఇది ఉత్త నవ్వులాట అయి ఉండేది. నేను ఆగలేదు. మా వెనక వీధిలో గాజులక్క ఉండేది. భోపాల్‌పట్నం వైపు మనిషి. జగదల్‌పూర్‌లో మట్టిగాజులు కొని, సంతలకూ మడైలకూ తీసుకెళ్లి అమ్మేది. (మడై అంటే ఇక్కడ ఊరి దేవర జాతర.) ఆ గురువారం మద్దేడు దగ్గర ఒక ఊళ్లో మడై. ఆ మడైకి ఆమె ఇరవై రెండేళ్లుగా వెళ్తోంది, ఒకే చోట కూర్చుంటోంది. ఆమె పద్ధతి నాకు తెలిసిన ఏ గాజులమ్మికీ లేదు. ఏటా ఒక్కొక్క ఆడమనిషి చేతికి నూలుదారం చుట్టి కొలత తీసుకుని, ఒక ముడి వేసేది. ఎరుపు కావాలంటే ముడి పక్కన ఇంకో ముడి, పచ్చ కావాలంటే కాస్త ఎడంగా. చదువు లేదు, కాగితం లేదు. మళ్లీ ఏడాది ఆ దారానికే డజను గాజులు కట్టి తెచ్చి, ఎవరి చేతికి వాళ్లవి ఎక్కించేది. ఆ ఏడు నలభై మూడు దారాలు. నలభై మూడు పన్నెండ్లు అయిదు వందల పదహారు గాజులు. కిందటేడు ఆమె ఎదుటే ఇంకొకతను ఇనుప గాజుల దుకాణం పెట్టాడట, పగలని గాజులు. “నా ఆడోళ్లు నాకోసం ఆగిన్రు టీచరమ్మా. ఈ ఏడు పోకపోతే మళ్ల ఆగరు” అని నాకు రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ విన్నాను.

ఆమె వాటిని వరిగడ్డిలోనూ పాత చీరల్లోనూ సర్దుకునేది. నేను బుధవారం పొద్దున్నే వెళ్లి గడ్డి వద్దన్నాను. దళసరి ప్లాస్టిక్ సంచుల్లో పాలగుండ ద్రవం పోసి, అంచులు కొవ్వొత్తి మంట మీద కరిగించి మూసి, పన్నెండు పాకెట్లు చేశాను. నా పాత గాజులు డజను కట్టి, మూడడుగుల ఎత్తు నుంచి ఆమె కళ్లెదుటే పాకెట్ మీద పాతికసార్లు వదిలాను. ఒక్కటి పగల్లేదు. గడ్డి మీద పాతికసార్లు వదిలాను. రెండు పగిలాయి. నోట్‌బుక్‌లో రెండు గడులు గీసి ఆమెకు చూపించాను. (చదవడం రాదని తెలిసే చూపించాను. అందుకే సిగ్గు.)

“పోయినసారి గడ్డిల ఎన్ని పగిలినయ్యో నీకు గుర్తుందా?” అన్నాను ఆమె యాసలోనే.

“పదో పన్నెండో.”

“ఇందులో సున్నా.”

గాజులక్క పాకెట్‌ను వేలితో నొక్కింది. వేలు దిగింది. అలాగే ఉంచి, దిగుతున్న వేలినే చూస్తూ అంది: “ఇది పడేస్తే గదా టీచరమ్మా. బండిల నా పెట్టె పడదు, కూసుంటది. రాత్రంత కూసోబెట్టి చూసినవా?”

“పడితేనే పగలనిది కూర్చుంటే పగులుతుందా?” అన్నాను.

ముప్పై ఆరేళ్ల లెక్కల టీచరు తర్కం అది. క్లాసులో అలా ఎదురు ప్రశ్న వేస్తే పిల్లలు కూర్చునేవారు. ఆమె కూడా తల దించుకుని, “నువ్వు సదువుకున్నదానివి” అంది. ఆ మాటకు నేను పొంగిపోయాను. అది మెచ్చుకోలు కాదని తెలియడానికి నాకు ఇరవై రెండు గంటలు పట్టింది. సాయంత్రం నాలుగింటికి చెక్కపెట్టె అడుగునా, వరసకూ వరసకూ మధ్యా పాకెట్లు పరిచి, దారాలు కట్టిన నలభై మూడు డజన్లూ సర్దాం. గడ్డి మోపు గోడవార అలాగే ఉండిపోయింది.

గురువారం ఆరున్నర బస్సు. నేనూ బయల్దేరాను, నా లెక్కలో ఆఖరి గడి నింపాలి కదా. కండక్టరు పెట్టెను ఒకసారి ఊపి, “మాతాజీ, ఇందులో ఏంటి, పెరుగా?” అన్నాడు. పెట్టెను వెనక సీటు కింద పెట్టించి, నేను పెన్ను తెరిచి, గోతికి ఒక గీత గీస్తూ కూర్చున్నాను. బీజాపూర్ చేరేసరికి అరవై నాలుగు గీతలయ్యాయి. పంతొమ్మిదో గీత దగ్గరే గాజులక్క నా మోచెయ్యి పట్టుకుంది.

“ఇనబడ్డదా?”

“ఏంటి?”

“ఇది గాజు సప్పుడు గాదు. పెంకు సప్పుడు.”

“పాకెట్లు సర్దుకుంటున్నాయి” అన్నాను.

బీజాపూర్ బస్టాండులో బస్సు కాసేపు ఆగింది. ఆమె లేచింది. “టీచరమ్మా, జర పెట్టె ఇప్పుదాం. ఆ టేలా బండి కాడ గడ్డి ఉన్నది, అడుక్కొస్త. పది నిమిషాలు.” నేను ఏమన్నానో అచ్చంగా రాస్తాను, ఒక్క ముక్క మార్చను. “మధ్యలో విప్పితే లెక్క చెడిపోతుంది అక్కా” అన్నాను. ఆమె నా మొహం చూసింది, నా చేతిలో నోట్‌బుక్ చూసింది, కూర్చుంది. నేను మడై దాకా గీతలు గీశాను. ఇంకో ముప్పై ఒకటి.

మడైలో ఆమె చోటు ఆమె కోసం ఖాళీగానే ఉంది. ఊడ్చి, నీళ్లు చల్లి ఉంచారు. ఏడెనిమిది మంది అప్పటికే కూర్చుని ఉన్నారు. ముందు ఒక ముసలామె, గాజులన్నీ తీసేసిన బోసి చేతులు చాపి, ఎన్నాళ్లనుంచో అలా చాపే ఉన్నట్టు నవ్వుతోంది. గాజులక్క పెట్టె మూత తీసింది.

ఏం జరిగిందో ఇప్పుడు మీకు చెప్పడం తేలిక. ఆ ద్రవం వేగంగా వచ్చే దెబ్బకు గోడ, నెమ్మదిగా వచ్చే బరువుకు నీళ్లు. నేను పాతికసార్లు పడేశాను గాని, ఒక్కసారైనా ఊరికే ఉంచి చూడలేదు. సాయంత్రం నాలుగు నుంచి పొద్దున్న ఆరున్నర దాకా, పద్నాలుగున్నర గంటలు, గాజుల బరువు కింద పాలగుండ ఏ తొందరా లేకుండా పక్కకు జరుగుతూ జరుగుతూ పాకెట్ అంచులకు చేరిపోయింది. అక్కడ పిండి అడుక్కి దిగి గడ్డకట్టింది, నీళ్లు పైన తేలాయి. గాజుల కింద మిగిలింది ఉత్త ప్లాస్టిక్ పొర. దాని కింద చెక్క. ఆ కింద గోతుల రోడ్డు. మొదట పగిలిన పెంకులు సంచులను కోశాయి, సంచుల్లోది మిగతావాటి మీద పడింది. పెట్టెలో ఎరుపూ పచ్చా పెంకులు తేలుతున్న తెల్లటి జావ ఉంది.

వెనక నుంచి ఒక నడివయసు ఆమె మెడ చాచి చూసి, “ఏంది గాజులక్కా, ఈ ఏడు గాజులు బంద్ చేసి జావ తెచ్చినవా?” అంది. అందరూ ఘొల్లున నవ్వారు.

“నేను గాదు, మా టీచరమ్మ తెచ్చింది” అంది గాజులక్క తల ఎత్తకుండా. “మీ కడుపులకు సలవంట.”

మళ్లీ నవ్వారు. నాకు నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. నేల గట్టిది, పోలేదు. గాజులక్క పెట్టెలో చెయ్యి పెట్టి దారాల కోసం వెతకసాగింది. పెంకులకు తెగినవి తెగిపోగా, ముడులు చెడకుండా దొరికినవి తొమ్మిది. చూపుడువేలు తెగింది. ఆ తెల్లటి దాంట్లో ఒక ఎర్ర చుక్క, అది గాజు రంగు కాదు. నేను నా చీర చెంగు చింపబోయాను. “నీ సీర ఉండనియ్యి” అంది. తిట్టి ఉంటే బాగుండేది.

పగలనివి ఏరి కడిగితే యాభై ఎనిమిది. అవి ఎవరి కొలతవో ఎవరికి తెలుసు. గాజులక్క కాసేపు చూసి, నన్ను పక్కన కూర్చోమంది. చేతికి రెండు చొప్పున వేద్దామనుకుంది గాని సరిపోవని నేనే చెప్పాను. లెక్క చెప్పడానికైనా పనికొచ్చాను. చేతికి ఒకటి, మనిషికి రెండు. యాభై ఎనిమిదిని రెండుతో భాగిస్తే ఇరవై తొమ్మిది. అంటే పద్నాలుగు మంది బోసి చేతులతో పోవాలి.

అప్పుడు నేను చూసింది చెప్పాలి. మొదటి ముసలామె చెయ్యి పెద్దది, గాజు చిన్నది. అది పట్టదని నేను ఖాయం చేసుకున్నాను. గాజులక్క ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, బొటనవేలి ఎముకను లోపలికి మడిచి, అరచేతిని పిసుకుతూ, ఆమెతో కోడళ్ల గురించీ ఇప్పపూల గురించీ మాట్లాడుతూ కూర్చుంది. గాజును తోయలేదు. అక్కడే ఉంచింది, అంతే. రెండు నిమిషాలో మూడు నిమిషాలో గడిచాక చూస్తే, గాజు మణికట్టు మీద ఉంది. రెండో మనిషి దగ్గర నేను సాయం చేయబోయి కాస్త నెట్టాను. ఆవిడ చెయ్యి బిగుసుకుపోయింది. గాజులక్క నా చెయ్యి తీసేసింది.

“మెల్లగ పోతే సెయ్యి నీళ్లు టీచరమ్మా. ఉరికితే సెయ్యి రాయి. గాజు పగుల్తది.”

నేను నోట్‌బుక్ మూసేశాను. నేను మంగళవారం తొమ్మిది నలభైకి కనిపెట్టినదాన్ని ఆమె రోజుకు వంద చేతుల మీద చేస్తోంది, ముప్పై ఏళ్ల నుంచి. అందుకే రాత్రంత కూసోబెట్టి చూసినవా అని అడిగింది. ఆ సాయంత్రం దాకా యాభై ఎనిమిది గాజులూ ఎక్కించింది, ఒక్కటి పగలగొట్టలేదు. పోయిన ముప్పై నాలుగు దారాలకు బదులు కొత్త దారాలు తీసుకుంటుంటే నేను కొసలు పట్టుకున్నాను. గాజులు అందని పద్నాలుగు మందిలో కొలత ఇచ్చినవాళ్లూ ఇవ్వనివాళ్లూ ఆఖరికి ఎదుటి దుకాణానికే పోయారు. ఇనుప గాజుల చప్పుడు చాలా బాగా వినిపించింది.

మా ఆయన ఆ ఎండాకాలం సగ్గుబియ్యం జావ తాగారు. “నిలబడ్డ బండిలోనే లోడు జరుగుతాది. నన్ను అడగాల్సింది” అని మాత్రం ఒకసారి అన్నారు. గాజులక్క ఏడు నెలల నాలుగు రోజులు మా గడప తొక్కలేదు. ఎదురుపడితే నవ్వేది, నిలబడేది కాదు. తరవాత ఒక సోమవారం మధ్యాహ్నం వచ్చి, వసారాలో కూర్చుని, అడక్కుండానే నా చెయ్యి లాక్కుని దారం చుట్టింది. వేళ్ల ఎముకలు రెండుసార్లు నొక్కి చూసి, “బిరుసు సెయ్యి. టైం పడ్తది” అని ముడి వేసి, దారం సంచిలో వేసుకుంది. టీ తాగింది.

ఇప్పుడు నాకు అరవై తొమ్మిది. మొన్న మా మేనల్లుడు కొత్త కోటుతో వచ్చి, ఇప్పుడు ముసలివాళ్లు పడితే తుంటి ఎముక విరక్కుండా నడుముకు కట్టుకునే మెత్తటి పట్టీలు కూడా ఇలాంటివే వస్తున్నాయట అత్తా, తెప్పించనా అన్నాడు. తెప్పించమన్నాను. వచ్చిన రోజు కొట్టి చూడలేదు. రాత్రంతా బియ్యం బస్తా కింద పెట్టి, పొద్దున్న తీసి చూశాను. పట్టీ బాగానే ఉంది. అప్పుడు ఆ అరవై ఒక్కేళ్ల పిల్ల గుర్తొచ్చింది, కుడిచేతిలో పెన్నూ ఎడమచేతిలో నోట్‌బుక్కూ పట్టుకుని, బస్సులో గోతులకు గీతలు గీస్తున్న పిల్ల. ఎంత చురుకైన పిల్ల! దగ్గరుంటే చెవి మెలిపెట్టి పక్కన కూర్చోబెట్టుకునేదాన్ని.

పోయినవి: గాజులు నాలుగు వందల యాభై ఎనిమిది. కొలత దారాలు ముప్పై నాలుగు. పాలగుండ అయిదు కిలోలు. చేతి గడియారం ఒకటి. మరుసటేడు గాజులక్క దగ్గరకు తిరిగి రాని ఆడవాళ్లు పద్నాలుగు మంది. బీజాపూర్ బస్టాండులో పది నిమిషాలు. ఈ పది నిమిషాలు పోయినవి కావు, ఆమె అడిగితే నేను ఇవ్వనివి. అయినా వీటిలోనే కలిపాను.